తిలక్ సిక్స్ కొడితే ఉప్పల్‌లో విజిల్ వేయొచ్చా? మన టీమ్, మన పిల్లోడు పంచాయితీ

సూరారం నుంచి మళ్ళీ మీ ముందుకు వచ్చేసిన. 2025 ఆసియా కప్ ఫైనల్ అయిపోయింది, మా చాయ్ బండి దగ్గర పంచాయితీ మాత్రం ఇంకా తెగలేదు. పాకిస్తాన్ మీద గెలిచినం కదా, ఇంక పంచాయితీ ఏంది అంటారా? గెలిపించింది తిలక్ వర్మ. హైదరాబాద్ పిల్లోడు. ఐపీఎల్‌లో ఆడేది మాత్రం ముంబైకి. మా దగ్గర ఆరెంజ్ జెర్సీ బ్యాచ్ ఉంది, ముంబై బ్యాచ్ ఉంది, ధోనీ ఎటుంటే అటుండే బ్యాచ్ ఇంకోటి ఉంది. ఆరెంజోళ్ళు "మా పిల్లోడు" అంటరు. ముంబైవాళ్ళు "పెంచింది మేము" అంటరు. ఇంతల ఎవడో ఒకడు లేచి "మరి నితీశ్ సంగతేంది, తీసేయాల్నా వద్దా?" అంటడు. ఇంక చూస్కోండి, చాయ్ చల్లారిపోతది, మనుషులు వేడెక్కుతరు.

నేను గమనించింది ఏంటంటే, ఈ లొల్లిలో రెండు వేరే వేరే ప్రశ్నలు కలిసిపోయినయ్. ఒకటి, ఎవరు మనోడు? రెండోది, ఈ పిల్లోడు నిజంగా మంచి బ్యాటరేనా? మొదటిది మనసుకు సంబంధించింది, దానికి లెక్కలు పనిచేయవు. రెండోదానికి లెక్కలు పనిచేస్తయ్, కానీ మనం వాడేది తప్పు లెక్క. ఈ ఎపిసోడ్‌లో ఈ రెండిటినీ విడదీసి చూద్దాం.

ముందు ఒక మ్యాచ్ గుర్తు చేస్తా. 2024 మార్చి 27, ఉప్పల్. ఎస్‌ఆర్‌హెచ్, ముంబై. హెడ్ 18 బంతుల్లో ఫిఫ్టీ కొట్టిండు, కాసేపటికే అభిషేక్ 16 బంతుల్లో కొట్టిండు, చివర్లో క్లాసెన్ 34 బంతుల్లో 80 నాటౌట్. మొత్తం 277. అప్పటిదాకా ఐపీఎల్‌లో రికార్డు ఆర్‌సీబీ 2013లో కొట్టిన 263. అది పోయింది. స్టేడియం ఊగిపోయింది. తర్వాత ముంబై బ్యాటింగ్‌కి వచ్చింది, అందులో ఒక పిల్లోడు 34 బంతుల్లో 64 కొట్టిండు, ఆరు సిక్సర్లు. ఆ పిల్లోడు పుట్టి పెరిగింది ఇదే ఊర్లో. ఆ రోజు రెండు జట్లు కలిపి 523 పరుగులు, 38 సిక్సర్లు. ఎస్‌ఆర్‌హెచ్ 31 పరుగులతో గెలిచింది కాబట్టి అందరం హ్యాపీ. ఒకవేళ తిలక్ ఆ మ్యాచ్ గెలిపించి ఉంటే? అదే మా పంచాయితీకి అసలు మూలం.

హైదరాబాద్ టీమ్‌లో హైదరాబాదోళ్ళు ఎందుకు లేరు అనేది కొత్త గొడవ కాదు. 2021 వేలం అయినంక ఖైరతాబాద్ ఎమ్మెల్యే దానం నాగేందర్ ఇదే మాట మీద గట్టిగా మాట్లాడిండు, లోకల్ ప్లేయర్లు లేకపోతే ఇక్కడ మ్యాచ్‌లు ఎట్ల జరుగుతయో చూస్తం అన్నట్టు. కోపం అర్థం చేసుకోవచ్చు. కానీ ఐపీఎల్ టీమ్ పేరు ఊరిది, మార్కెట్ దేశం మొత్తానిది. వేలంలో ఎవరి దగ్గర పైసలు మిగిలినయ్, ఎవరికి ఏ రకం ప్లేయర్ కావాలె, ఆ నిమిషంలో ఎవరు ప్యాడిల్ పైకెత్తిన్రు, అంతే. తిలక్ 20 లక్షల బేస్ ప్రైస్‌తో వచ్చిండు, 2022లో ముంబై 1.7 కోట్లకు తీసుకున్నది. మన వైజాగ్ పిల్లోడు నితీశ్ కుమార్ రెడ్డిని 2023కి ఎస్‌ఆర్‌హెచ్ బేస్ ప్రైస్ 20 లక్షలకే పట్టింది. 2025 సీజన్‌కి వచ్చేసరికి ముంబై తిలక్‌ను 8 కోట్లకు, ఎస్‌ఆర్‌హెచ్ నితీశ్‌ను 6 కోట్లకు అట్టిపెట్టుకున్నయ్. ఎవరి పిల్లోన్ని వాళ్ళు దాచుకున్నరు.

నేను ఉద్యోగం చేసేటప్పుడు మా క్లయింట్ టీమ్ బోస్టన్‌లో ఉండేది. సోమవారం కాల్ మొదలైతే పది నిమిషాలు పని గురించి ఒక్క ముక్క ఉండదు, మొత్తం బేస్‌బాలే. రెడ్ సాక్స్, యాంకీస్ వైరం. వాళ్ళ బాధ ఏందో తెలుసా? బేబ్ రూత్ అనే ఆయన్ని రెడ్ సాక్స్ 1919 సీజన్ అయినంక యాంకీస్‌కు అమ్మేసింది. ఆయన అక్కడికి పోయి బేస్‌బాల్ చరిత్రలోనే పెద్ద హిట్టర్ అయ్యిండు. రెడ్ సాక్స్ 1918లో గెలిచిన కప్పు మళ్ళీ 2004లో గెలిచింది. 86 ఏళ్ళు! తాత చెప్పిన బాధను మనవడు మోసిండు. నేను మ్యూట్‌లో ఉండి నవ్వుకునేటోన్ని. తర్వాత ఆలోచిస్తే, అరే, మన దగ్గర కూడా ఉంది కదా ఈ కథ. రోహిత్ శర్మ. 2008 నుంచి 2010 దాకా దక్కన్ ఛార్జర్స్. 2009లో మనం కప్పు కొట్టిన సీజన్‌లో ముంబై మీదనే హ్యాట్రిక్ తీసిండు, బౌలింగ్‌తో! 2011 వేలంలో అదే ముంబై తీసుకున్నది. తర్వాత కెప్టెన్‌గా అక్కడ ఐదు కప్పులు. దక్కన్ ఛార్జర్స్ 2012తో మూతపడ్డది.

అంబటి రాయుడు సంగతి ఇంకా విచిత్రం. 2002-03 రంజీ సీజన్‌లో ఆంధ్రా మీద ఒకే మ్యాచ్‌లో 210, 159 నాటౌట్. అప్పటికి పదిహేడేళ్ళు. మీలో చాలామంది అప్పటికి పుట్టి కూడా ఉండరు. హైదరాబాద్ మొత్తం "వచ్చే టెండూల్కర్" లెవెల్‌లో మాట్లాడుకున్నది. ఇండియా జెర్సీ వేసుకున్నది ఎప్పుడు? 2013లో. పదేళ్ళు దాటినంక. ఐపీఎల్‌లో ముంబైతో మూడు కప్పులు, చెన్నైతో మూడు కప్పులు. హైదరాబాద్ పేరున్న టీమ్‌కి ఐపీఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఇటు చూస్తే అమృత్‌సర్ నుంచి వచ్చిన అభిషేక్ శర్మ 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ మీద 55 బంతుల్లో 141 కొట్టేసరికి మనం ఆయన్ని సూరారం, షాపూర్‌నగర్ పిల్లోని లెక్క నెత్తిన పెట్టుకున్నం. కాబట్టి "మనోడు" అనే మాటకు ఆధార్ కార్డు అడ్రస్ ఒక్కటే లెక్క కాదు. నా వరకు నేను ఉప్పల్‌లో కూర్చుంటే ఎస్‌ఆర్‌హెచ్ గెలవాలనుకుంటా, తిలక్ సిక్స్ కొడితే విజిల్ కూడా వేస్తా. పక్క సీటోడు నన్ను గుర్రుమని చూసినా పర్లేదు.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఇది ముఖ్యం, ఎందుకంటే ఇక్కడే పిల్లలకు అన్యాయం జరుగుతుంది.

నితీశ్‌నే తీసుకుందాం. 2024 ఐపీఎల్‌లో 303 పరుగులు, ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు. ముల్లన్‌పూర్‌లో పంజాబ్ మీద టీమ్ కష్టాల్లో ఉన్నప్పుడు 37 బంతుల్లో 64. అప్పుడు మా అడ్డా మీద అందరూ "దొరికిండు రా, మన హార్దిక్" అన్నరు. 2025 ఐపీఎల్‌లో 182 పరుగులు. అదే మనుషులు, అదే చాయ్, "తీసేయండి, 6 కోట్లు దండగ" అన్నరు. మీమ్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు, మీ ఫోన్లలోనే ఉంటయ్.

లెక్క చూద్దాం. 2024లో ఆయన ఆడిన బంతులు 212. స్ట్రైక్ రేట్ దగ్గర దగ్గర 143. 2025లో ఆడిన బంతులు 153. స్ట్రైక్ రేట్ 119. ముందు ఆ బంతుల సంఖ్య చూడండి. ఒక్క టీ20 మ్యాచ్‌లో రెండు జట్లకు కలిపి 240 బంతులు. అంటే సీజన్ మొత్తం నితీశ్ ఆడింది ఒక్క మ్యాచ్‌కు సరిపడా బంతులు కూడా కాదు. ఇప్పుడు 2025లోని ఆ 153 బంతుల్లో ఒక ఆరు డాట్ బాల్స్ తీసుకోండి. అవి ఆరూ సిక్సర్లు అయినయ్ అనుకోండి. 182కి 36 కలిస్తే 218. దాన్ని 153తో భాగిస్తే ఎంత? ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. 142.5. అంటే హీరో సీజన్‌కీ, దండగ సీజన్‌కీ స్ట్రైక్ రేట్‌లో ఉన్న తేడా మొత్తం ఆరు బంతులు. పదకొండు ఇన్నింగ్స్‌లో ఆరు బంతులు! బ్యాట్ అంచు తగిలి ఫోర్ పోవాల్సింది కీపర్‌కు పోతే ఒకటి, బౌండరీ దగ్గర ఫీల్డర్ ఎగిరి ఆపితే ఇంకోటి.

అట్లని అంతా అదృష్టమే అని నేను అనట్లేదు. జనవరిలో పక్కటెముకల దగ్గర గాయమైంది, ఇంగ్లండ్‌తో టీ20లకు దూరమయ్యిండు. ఐపీఎల్‌లో బౌలింగ్ పెద్దగా చేయలేదు. హెడ్, అభిషేక్, ఇషాన్ కిషన్ తర్వాత దిగాలె, వాళ్ళు పేలితే ఇతనికి బంతులు మిగలవు, వాళ్ళు కూలితే ఇతను వికెట్ కాపాడుకోవాలె. స్పిన్ మీద ఇబ్బంది పడ్డట్టు కూడా కనబడింది, అది నా కంటికి అనిపించింది. కానీ 153 బంతులు చూసి ఒక ఇరవై రెండేళ్ళ పిల్లోడి కెరీర్ మీద తీర్పు చెప్పడం ఉంది చూడండి, మేము సాఫ్ట్‌వేర్‌లో రెండు టెస్ట్ కేసులు రన్ చేసి ప్రొడక్షన్‌కి పంపినట్టు ఉంటది.

బేస్‌బాల్‌లో ఈ తొందర కొంచెం తక్కువ. తక్కువ ఎందుకంటే వాళ్ళు మంచోళ్ళని కాదు, మ్యాచ్‌లు ఎక్కువ. ఒక్కో టీమ్‌కి సీజన్‌లో 162 మ్యాచ్‌లు. రెగ్యులర్‌గా ఆడే బ్యాటర్ ఒక సీజన్‌లో దాదాపు 600 సార్లు బ్యాటింగ్‌కి దిగుతడు. మన ఐపీఎల్‌లో లీగ్ మ్యాచ్‌లు 14. పైగా అక్కడ కొత్త పిల్లోన్ని డ్రాఫ్ట్‌లో తీసుకుని నేరుగా పెద్ద స్టేడియంలో దించరు. మైనర్ లీగ్స్ అని ఉంటయ్, మెట్లు మెట్లుగా. చిన్న ఊర్లలో, బస్సుల్లో తిరుక్కుంటూ ఏళ్ళకేళ్ళు ఆడతరు. ఫెయిల్ అయితే ఆ ఊరోళ్ళు చూస్తరు, అంతే. మన పిల్లోడు ఫెయిల్ అయితే రాత్రి ఎనిమిదిన్నరకు దేశం మొత్తం చూస్తది, తొమ్మిదికల్లా మీమ్ రెడీ.

తిలక్ దగ్గరికి వద్దాం. ఇతని నాలుగు సీజన్లు వరుసగా చెప్తా వినండి. 2022లో 397, 2023లో 343, 2024లో 416, 2025లో 343. మొత్తం 1,499. ఒక్క పరుగు తక్కువ పదిహేను వందలు, చూసినప్పుడల్లా నాకు చేయి దురద పెడుతుంది. ఆడిన బంతులు 1,038. ఇది కాస్త నమ్మదగ్గ లెక్క. స్ట్రైక్ రేట్ 144. ఇంత నిలకడగా ఆడే పిల్లోన్ని 2025 ఏప్రిల్ 4న లక్నోలో ఏం చేసిన్రు? 204 టార్గెట్. 23 బంతుల్లో 25 దగ్గర ఉన్నడు. 7 బంతుల్లో 24 కావాలె. అప్పుడు రిటైర్డ్ ఔట్‌గా వెనక్కి పిలిచి శాంట్నర్‌ను పంపిన్రు.

రిటైర్డ్ ఔట్ అంటే తెలియనోళ్ళకు: దెబ్బ తగలకుండా, ఔట్ కాకుండానే బ్యాటర్ తనంతట తను బయటికి రావడం. స్కోర్‌కార్డ్‌లో ఔట్‌గానే లెక్క, మళ్ళీ దిగడానికి ఉండదు. రూల్ ప్రకారం తప్పేం లేదు. కోచ్ జయవర్ధనే అది వ్యూహం ప్రకారం తీసుకున్న నిర్ణయం అన్నడు. ముంబై 12 పరుగులతో ఓడిపోయింది. ఆ రాత్రి మన ఆరెంజ్ బ్యాచే ఎక్కువ బాధపడ్డది, "మా పిల్లోన్ని అవమానించిన్రు" అని. మూడు రోజులకు వాంఖడేలో ఆర్‌సీబీ మీద తిలక్ 29 బంతుల్లో 56. ఆ తర్వాతి మ్యాచ్‌లో ఢిల్లీ మీద 33 బంతుల్లో 59.

ఇప్పుడు దుబాయ్. సెప్టెంబర్ 28. 147 కొట్టాలె. నాలుగు ఓవర్లకు 20 పరుగులు, అభిషేక్, సూర్య, గిల్ ముగ్గురూ ఔట్. తిలక్ 53 బంతుల్లో 69 నాటౌట్. చివరి ఓవర్‌లో 10 కావాల్సి ఉంటే హారిస్ రవూఫ్‌ను సిక్స్ కొట్టిండు. స్ట్రైక్ రేట్ ఎంత? 130. ఐపీఎల్‌లో ఎవడైనా 130తో ఆడితే "టెస్ట్ ప్లేయర్" అని పేరు పెడతం. కానీ ఆ రోజు నాలుగో ఓవర్ అయ్యేసరికి కావాల్సింది 16 ఓవర్లలో 127, ఓవర్‌కు ఎనిమిది లోపు. ఉండాల్సింది వికెట్. లక్నోలో ఓవర్‌కు పదికి పైన కావాలె, అక్కడ 108తో ఆడితే మ్యాచ్ చేజారిపోతుంది. రెండూ ఒకే మనిషి బ్యాట్. అందుకే స్ట్రైక్ రేట్ ఒక్కటే పట్టుకుని వాదించకండి. ఏ ఓవర్‌లో దిగిండు, అప్పటికి ఎన్ని వికెట్లు పడ్డయ్, ఓవర్‌కు ఎంత కావాలె, ఈ మూడూ అడగండి. పవర్‌ప్లేలో సర్కిల్ బయట ఇద్దరే ఫీల్డర్లు, ఏడో ఓవర్ నుంచి ఐదుగురు ఉండొచ్చు. ఓపెనర్ 150కి, నాలుగో నంబర్‌వాడి 150కి విలువ ఒకటి కాదు.

ఇంకో ప్రశ్న కూడా ఉంది, ఎవరి మీద కొట్టిండు? నితీశ్ 2017-18లో అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1,237 పరుగులు కొట్టిండు, నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441. వినడానికి మస్తుగుంటది, కానీ అటు బౌలింగ్ వేసింది కూడా పిల్లలే. తిలక్ 2024 నవంబర్‌లో వరుసగా మూడు టీ20 సెంచరీలు కొట్టిండు, అట్ల కొట్టిన మొదటి మనిషి. సెంచూరియన్‌లో 107 నాటౌట్, జొహానెస్‌బర్గ్‌లో 120 నాటౌట్, రాజ్‌కోట్‌లో మేఘాలయ మీద 67 బంతుల్లో 151. అందరికీ 151 గుర్తుంటది. నన్నడిగితే వాటిలో సెంచూరియన్‌ది బరువైనది. మూడో నంబర్‌లో పంపమని తనే కెప్టెన్ సూర్యను అడిగి మరీ దిగిండు. అడిగి దిగి ఫెయిల్ అయితే ఎట్లుంటదో ఆలోచించండి.

బేస్‌బాల్ స్కౌట్లకు ఒక పద్ధతి ఉంది, నాకు చాలా నచ్చింది. పిల్లోన్ని చూసి ఒక్క మార్కు వేయరు. బంతిని తగిలించడం, దూరం కొట్టడం, పరుగు, ఫీల్డింగ్, త్రో, ఇట్ల ఐదు విడివిడిగా. ఒక్కోదానికి 20 నుంచి 80 దాకా మార్కు, 50 అంటే పెద్ద లీగ్‌లో సగటు ఆటగాడు. దీంట్లో అసలు తెలివి ఏందంటే, ప్రతిదానికీ రెండు మార్కులు వేస్తరు. ఇవాళ ఎంత, రేపు ఎంత వరకు పోవచ్చు. మన లొల్లి మొత్తం ఈ రెండు మార్కుల్ని కలిపేయడం వల్లనే వస్తది. ఒకడు ఇవాళ్టి నితీశ్ గురించి మాట్లాడుతుంటే ఇంకోడు రేపటి నితీశ్ గురించి మాట్లాడతడు, ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటరు.

ఇది నాకు ఎందుకంత ముఖ్యమో చెప్తా. మా గల్లీలో ఒక అన్న ఉన్నడు, జీడిమెట్లలో షిఫ్ట్ డ్యూటీ. కొడుకు తొమ్మిదో తరగతి. మొన్న ఆపి, "తమ్మీ, నువ్వు క్రికెట్ వీడియోలు చేస్తవ్ కద, మావోని ఆట జర చూసి చెప్పు. వాని దగ్గర ఉన్నదా లేదా? ఉంటే ట్యూషన్ బంద్ చేసి అకాడమీల ఏస్త" అన్నడు. రెండింటికీ కట్టే స్థోమత లేదు. ఆయనకు తెలిసిన కథలు రెండే. తిలక్ వాళ్ళ నాన్న ఎలక్ట్రీషియన్, కోచ్ సలాం బయాష్ రోజూ బండి మీద ఎక్కించుకుని లింగంపల్లి అకాడమీకి తీసుకపోయిండు. నితీశ్ వాళ్ళ నాన్న ముత్యాల రెడ్డి కొడుకు ఆట కోసం హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగం మానేసిండు. రెండూ నిజాలే. వినంగనే కడుపు నిండుతది. కానీ కొడుకు కోసం ఉద్యోగం మానేసిన నాన్నలు చాలామంది ఉంటరు, మనకు పేరు తెలిసేది కొడుకు పైకి వచ్చినాయనదే.

ఆదివారం పోయి చూసిన. టెన్నిస్ బాల్‌తో ఆడుతుండు, లెగ్ సైడ్ సిక్సర్లు బాగానే పోతున్నయ్. "అన్నా, ఒక్క ఆదివారం చూసి నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు" అన్న. ట్యూషన్ ఆపొద్దన్న. మూడు నెలలు శని, ఆదివారాలు మాత్రం లెదర్ బాల్‌తో ఆడించమన్న. ఒక నోట్‌బుక్‌లో నాలుగే నాలుగు రాయమన్న: ఎన్ని బంతులు ఆడిండు, ఎన్ని పరుగులు, బౌలర్ వయసు ఎంత, ఎట్ల ఔటయ్యిండు. ఔటైన తీరు ప్రతిసారి ఒకటే ఉంటే అది ఇవాళ్టి మార్కు. అదే తప్పు రెండో నెలలో తగ్గితే అది రేపటి మార్కు. అన్నకు పూర్తిగా తృప్తి కలగలేదు, ఉంది లేదా లేదు అని ఒక్క మాట కావాలె ఆయనకు. నోట్‌బుక్ అయితే కొన్నడు.

చివరగా ఒక్క విషయం, మళ్ళీ మొదటి ప్రశ్న మీద. 2024 డిసెంబర్ 28, మెల్‌బోర్న్. నితీశ్ ఎనిమిదో నంబర్‌లో దిగి 99 మీద ఉన్నడు. బుమ్రా డకౌట్. ఆఖరి వికెట్‌గా దిగింది మన హైదరాబాద్ సిరాజ్. కమిన్స్ ఓవర్‌లో ఇంక మూడు బంతులు. మూడూ ఆపిండు. తర్వాతి ఓవర్‌లో నితీశ్ బోలండ్‌ను పైనుంచి ఫోర్ కొట్టి సెంచరీ. గ్యాలరీలో వాళ్ళ నాన్న ఏడుపు మీరందరూ చూసిన్రు. సరిగ్గా వంద రోజులు కూడా కాలేదు, 2025 ఏప్రిల్ 6న ఉప్పల్‌లో ఇద్దరూ మళ్ళీ ఒకే గ్రౌండ్‌లో ఉన్నరు. సిరాజ్ గుజరాత్ జెర్సీలో. 17 పరుగులిచ్చి 4 వికెట్లు, అందులో హెడ్, అభిషేక్ ఇద్దరూ ఉన్నరు. ఎస్‌ఆర్‌హెచ్ 152 దగ్గర ఆగిపోయింది, గుజరాత్ ఏడు వికెట్లతో గెలిచింది. ఆ రోజు మన టీమ్‌లో ఎక్కువ పరుగులు కొట్టింది నితీశే. 34 బంతుల్లో 31. స్ట్రైక్ రేట్ 91 అని తిట్టేముందు, ఆయన దిగేటప్పటికి ఎన్ని వికెట్లు పడ్డయో ఒకసారి స్కోర్‌కార్డ్ తీసి చూడండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంపాక్ట్ ప్లేయర్ రూల్ గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి.